మొక్కకి వదులు, బండికి బిగువు

కడియంలో మాకో నర్సరీ ఉంది. మొక్కలు వేసుకెళ్లే పికప్ ట్రక్కు నేనే నడుపుతాను. పాతికేళ్లలో నా లోడులో ఒక్క కొమ్మ విరిగిందని ఎవరూ అనలేదు. ఆ గర్వమే నన్ను ముంచింది.

మొక్కల లోడుని ఎప్పుడూ బిగించి కట్టకూడదు. బిగిస్తే తాడు కాండాన్ని కోసేస్తుంది. గతుకొచ్చినప్పుడు మొక్క కాస్త ఊగాలి, ఊగి మళ్లీ నిలబడాలి. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

మా అమ్మాయి రాజమండ్రిలో బండ్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తుంది. మూలన పడున్న, మట్టిదారుల్లో పందేలకి నడిపే పాత డర్ట్ బైకొకదాన్ని విప్పి, మళ్లీ బిగించి, బతికించుకుంది. దానికి లైట్లూ లేవు, నంబరు ప్లేటూ లేదు. రోడ్డు మీద నడపకూడదు కాబట్టి ఎక్కడికైనా ట్రక్కులోనే తీసుకెళ్లాలి. పోలవరం వైపు కొండల దగ్గర ఏటా జరిగే బైకు పోటీకి కిందటేడు మొదటిసారి పేరిచ్చింది. దాని సంబరం చెప్పనలవి కాదు.

"అమ్మా, హ్యాండిల్‌ని రెండు పక్కలా కిందకి లాగి కట్టాలి, ముందు చక్రం షాకులు, అదే ఆ స్ప్రింగులు, సగం దిగిపోవాలి. స్టాండు మాత్రం వెయ్యకూడదు" అని చెప్తూనే ఉంది.

"చాల్లేవే! నువ్వు పుట్టకముందు నుంచీ కడుతున్నా లోడ్లు" అన్నాను.

అది హెల్మెట్ కోసం లోపలికెళ్లింది. ఈలోగా నేను అడుగున తడి గోనెలు పరిచి, బండికి సైడు స్టాండు వేసి, కొబ్బరితాడు వదులుగా చుట్టేశాను. బండి కట్టడానికి అది కొనుక్కున్న బెల్టులు ట్రక్కు సీటు కిందే ఉండిపోయాయి. "కట్టేశా, ఎక్కు" అంటే, వెనక్కి చూడకుండా ఎక్కింది పిచ్చిపిల్ల.

కొవ్వూరు దాటి గోదావరి గట్టు రోడ్డెక్కాక ట్రక్కు చక్రం గోతిలో పడింది. వెనక దబ్బుమని చప్పుడు. దిగి చూస్తే బండి ఒరిగిపోయి ఉంది, క్లచ్ లివర్ మొదలంటా విరిగింది. ఆదివారం పూట అలాంటి ముక్క ఎక్కడ దొరుకుతుంది? తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. విరిగిన ముక్కని ఇంటిదాకా చేతిలో పట్టుకునే కూర్చుంది. ఆ తర్వాత ఏడాదంతా బండి మీద నా చెయ్యి పడనివ్వలేదు. "వద్దమ్మా, నేను చూసుకుంటాలే" అనేది, ఎంతో మర్యాదగా. కన్నకూతురు మర్యాద చూపిస్తే ఎంత నరకమో నాకప్పుడే తెలిసింది.

ఈ ఏడు మళ్లీ పేరిచ్చింది. "ట్రక్కు కావాలమ్మా. నడిపేది నువ్వు, కట్టేది నేను" అంది.

"అలాగే తల్లీ" అన్నాను.

మొక్కల కుండీలు ఎక్కించే బల్ల మీదుగా బండిని తనే తోసి, ముందు చక్రాన్ని క్యాబిను గోడకి ఆనించి, పెట్రోలు ట్యాపు కట్టేసి, నాలుగు మూలలకీ బెల్టులు తగిలించి బిగించింది. నేను చేతులు కట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లకే తెలుసు.

గట్టు రోడ్డు మీద నా చూపంతా అద్దంలోనే ఉంది. సగం దూరంలో హ్యాండిల్ కాస్త ఎడమకి వాలినట్టు కనిపించి ట్రక్కు ఆపేశాను.

"నేను కట్టిందమ్మా, వాలదు" అంది.

"దిగి చూడవే! అచ్చం నా కూతురివే!"

చూస్తే ఎడమ బెల్టు వదులైపోయింది. హ్యాండిల్‌ని నొక్కేదీ తనే, బెల్టు లాగేదీ తనే అయ్యేసరికి ఆ పక్క బిగువు చాల్లేదు. మళ్లీ లాగింది, కుదర్లేదు. అరగంటలో అక్కడ పేర్లు పిలుస్తారు. అది నా మొహం చూడకుండా బెల్టు కొస నా వైపు చాచింది.

"లాగమ్మా."

"ఎంత లాగాలి?"

"మొక్కలకెలా కడతావో, దానికి పూర్తిగా రివర్సు."

అది బండెక్కి బరువంతా హ్యాండిల్ మీద వేసింది. షాకులు దిగాయి. నేను ట్రక్కు గోడకి కాలు తన్నిపెట్టి, అరచేతులు మండేలా లాగాను. అది దిగి హ్యాండిల్ పట్టుకుని ఊపింది. ట్రక్కు ఊగింది గానీ బండి కదల్లేదు.

"మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నువ్వు మానయ్యాక వంగావే అమ్మా!" అని నవ్వింది. ఏడాది తర్వాత.

"నీ మొహం, ఎక్కు" అన్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే రోడ్డు ఎక్కడ కనపడుతుంది!

పోటీలో ఏడో స్థానం వచ్చింది. రెండుసార్లు పడింది, రెండుసార్లూ లేచింది. అరిచి అరిచి నా గొంతు పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బండిని ట్రక్కెక్కించాక, అలవాటుగా దూరంగా నిలబడ్డాను. ఒంటినిండా బురదతో అది హ్యాండిల్ మీదకి వాలి, "ఏంటమ్మా అలా చూస్తావు? రా, కట్టు" అంది.

నాలుగు బెల్టులూ నేనే కట్టాను. అది ఊపి చూడలేదు. తిన్నగా వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.