నారింజ దీపం కింద మోక ఈరమ్మ

దయ్యాలు లేవని కారణాలతో సహా నిరూపించే పుస్తకం ఒకటి మా వీధి చివరి గ్రంథాలయంలో ఉంది. దాన్ని నేను మూడుసార్లు తెచ్చుకుని చదివాను. నా బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గానీ, కన్నడ పుస్తకాల మధ్య ఉన్న ఒకే ఒక్క తెలుగు బీరువాను కింది అర నుంచి పై అర దాకా చదివిన మనిషిని. కంటికి మోసం ఎలా జరుగుతుందో, భయం ఎక్కడ పుడుతుందో ఎవరడిగినా చెప్పగలను. కాబట్టి ఇది భయపడిన మనిషి మాట అనుకోవద్దు. నాకు భయం వేయలేదు. అంతకంటే పెద్ద ఇబ్బందే వచ్చిపడింది.

బళ్ళారిలో మేముండేది ఒక చిన్న గది, దాని వెనుక వంటిల్లు. మా ఆయన ట్రాక్టరు సామాన్ల అంగడిలో పని చేస్తాడు. నేను ఇంట్లోనే కూర్చుని, కుట్టిన జీన్సు ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరిస్తాను. ఆ ప్యాంట్ల మూట గదిలో ఒక మూలంతా ఆక్రమిస్తుంది. మిగిలిన చోట ఒక కుర్చీ, ఒక ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు.

మా అత్త సిరిగేరి అనే పల్లెలో మా బావగారి కుటుంబంతో ఉంటుంది. వరి పనులకు మనుషులు చాలడం లేదని, మమ్మల్ని అక్కడికే వచ్చేయమని ఆమె పట్టు. ఎప్పుడొచ్చినా గడప దాటకముందే మొదలుపెట్టేది.

"ఏందమ్మే ఇది, ఇల్లా, టిఫిను డబ్బానా? కాళ్ళు చాపితే గోడ తగల్తాది. సాకు, చాలు ఇంక. మూట కట్టండి, పోదాం."

పోయిన వానాకాలం ముందు, ఈసారి వచ్చి వెంటబెట్టుకునే పోతానని ఫోన్ చేసింది. మా ఆయన తల్లి మాట కాదనే మనిషి కాదు. సిరిగేరిలో నాకు అన్నీ ఉంటాయి. సాయంత్రం నడిచిపోయి పుస్తకం మార్చుకునే వీలు మాత్రం ఉండదు. ఆ ఒక్కటీ పోతే నేను బతకగలను గానీ, ఎందుకు బతకాలో తెలియదు.

అదే వారం ఇంటి అలంకరణ మీద ఒక పుస్తకం దొరికింది. ట్యూబులైటు వేస్తే నాలుగు గోడలూ ఒక్కసారే కనబడతాయి, గది ఎంత ఉందో తెలిసిపోతుంది. అలా కాక ఒక రంగు దీపాన్ని కిందుగా ఒక మూల పెడితే గోడలు నీడలోకి జరుగుతాయి, గది ఎక్కడ ముగిసిందో కంటికి అందదు, ఇంకొకరికి చోటున్నట్టు ఉంటుంది అని రాసి ఉంది. బజారుకు పోయి నారింజరంగు గుడ్డ గొడుగు ఉన్న టేబుల్ ల్యాంపు తెచ్చి ట్రంకుపెట్టె మీద పెట్టాను.

"రూమే సరిగా కనపడదు, దానికి రంగులైటొకటా?" అన్నాడు మా ఆయన.

"అదే కదప్పా, కనపడగూడదు. అప్పుడే పెద్దగా ఉంటాది."

అత్త వచ్చేసరికి మునిమాపు. పుస్తకాలు చదివే కోడలికి పనిలో చెయ్యి సాగదని ఆమె నమ్మకం. అందుకని, వాకిట్లో ఆమె గొంతు వినగానే చేతిలో పుస్తకాన్ని జీన్సు మూట కిందికి తోసి, ట్యూబులైటు ఆర్పి, ల్యాంపు వేశాను. ఆమె అలవాటుకొద్దీ దీపానికి దండం పెట్టి, "ఎవురికన్నా ఒంట్లో బాలేదా, లైటు ఇట్ల పెట్టినావు?" అంటూ కుర్చీలో కూర్చుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేదు. ఆమె ఫోన్ తీసుకుని వంటింట్లో చార్జింగుకు పెట్టి, టీ నీళ్ళు పొయ్యి మీదికెక్కించాను.

గదిలోంచి మాటలు వినిపించాయి. తర్వాత నవ్వులు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది అనుకున్నాను. ఆమె ఫోన్ నా పక్కనే ఉందని గుర్తొచ్చేసరికి టీ పొంగింది.

"ఇంకో గలాసు తేమ్మే, ఈరమ్మకు. నాకు చక్కెర లేకుండా, ఆమెకు జాస్తిగా వెయ్!"

"ఏ ఈరమ్మ, అత్తా?"

"మోక ఈరమ్మ, ఆ మోక ఊరామె. ఇంతసేపు మాట్లాడ్తాంటే నీకు వినబళ్ళేదా?"

రెండు గలాసులతో పోయి చూస్తే గదిలో అత్త ఒక్కతే ఉంది. ఈరమ్మ ఇప్పుడే లేచి బయటికి పోయింది, వస్తుంది, పెట్టిపో అంది. పెట్టి వచ్చాను. కాసేపటికి చూస్తే రెండు గలాసులూ ఖాళీ.

పక్కింటావిడ ఎవరో వచ్చిపోయి ఉంటుందని సరిపెట్టుకునేదాన్నే. అన్నం తింటూ అత్త అంది: "ఈరమ్మకు మూట మీద కూచుంటే కింద గట్టిగా ఏందో తగిల్తాందంట. బుక్కు పెట్టినావంట కదా, తీయమనింది."

ఆ పుస్తకం అక్కడున్న సంగతి మా ఆయనకు కూడా తెలియదు.

"పొలానికి కూలోళ్ళను పెట్టుకుంటాంలే," అని కూడా అంది అత్త. "ఇట్లాంటి మనిషి దగ్గరుంటే రూము చిన్నదైతే ఏంది? మీరు ఈడే ఉండండి."

ఈరమ్మ అనే మనిషే లేదని చెబితే, దయ్యం కొంప అని మరుసటి బస్సుకే మమ్మల్ని సిరిగేరికి ఎక్కించేది. చెప్పకపోతే గ్రంథాలయం నాది. శాస్త్రం తెలిసిన మనిషిని కాబట్టి రెండు పక్కలా ఆలోచించాను.

"మంచామె అత్తా," అన్నాను.

అప్పటినుంచి అత్త ఊరికే రావడం మొదలుపెట్టింది. నేనూ ఊరుకోలేదు, పరీక్షలు పెట్టాను. మా వీధిలో ఈరమ్మ అనే ఆవిడ లేదు. ఇంటి ఓనరుకూ తెలియదు. రెండు టీలూ అత్తే తాగుతోందని నా అనుమానం. ఆమెకు షుగరు ఉంది. మా ఆయనతో పంపి రక్తం పరీక్ష చేయించాను. ఎప్పుడూ లేనంత బాగుంది, ఇలాగే కొనసాగించమని డాక్టరు మెచ్చుకున్నాడట. "మిషను చెడిపోయింటాది," అన్నాడు మా ఆయన. అంటాడు గానీ, ల్యాంపు వెలుగుతున్నంతసేపు కంచం తీసుకుని వంటింట్లోకే వస్తాడు.

ఆ దీపం కింద నేనొక్కదాన్నే కూర్చుని చూశాను. గోడ అద్దంలో నారింజరంగు నేను తప్ప ఇంకెవరూ కనిపించలేదు. ఒకసారి బల్బు పోతే ట్యూబులైటు వేశాను. ఆరోజు అత్త కుర్చీలో ముడుచుకుని కూర్చుని, "ఈపొద్దు రాలేదే," అంది. పరుగున పోయి బల్బు తెచ్చాను. ఎందుకు పరుగెత్తానని నన్నడగొద్దు.

వంటింటి గుమ్మానికి కట్టిన తెర చాటున నిలబడి కూడా విన్నాను. వినిపించేది ఒక్క గొంతే. కానీ మధ్యలో ఖాళీలు వస్తాయి, ఆ ఖాళీల్లో అత్త ఊఁ కొడుతూ వింటుంది. సిరిగేరి ఇంట్లో మనుషులకు కొదవ లేదు, కూర్చుని ఆమె మాట వినేవాళ్ళే లేరు. ఆ మాటకొస్తే నేనూ వినలేదు, టీ పెట్టే వంకతో వంటింట్లోనే ఉండేదాన్ని. ఇక ఆమె ఇంకొకరిని మాట్లాడనిచ్చి వినడమంటే, ఇంతవరకు ఎవరూ చూడనిది. దయ్యం సంగతి ఎలా ఉన్నా ఇది మాత్రం అద్భుతమే.

మొన్న చీరల సంచీతో దిగింది. "ఈడే ఉంటా," అంది.

"యాడ పండుకుంటావమ్మా? ముగ్గురికి చాలదు," అన్నాడు మా ఆయన.

"ముగ్గురేందిరా, నలుగురం. ఈరమ్మ సర్దుకుంటానంటాంది." నా వైపు తిరిగి, "అమ్మే, దాచుకోని చదివేదేంది? బుక్కులో ఏముండాదో గట్టిగా చదవమంటాంది ఆమె," అంది.

ఇప్పుడు మునిమాపున ల్యాంపు పక్కన కూర్చుని చదువుతున్నాను. అత్త కుర్చీలో వింటుంది. మూట నా ఎదురుగా ఉంటుంది.

నిన్న కావాలనే, దయ్యాలు లేవని నిరూపించే ఆ పుస్తకం తీశాను. కారణాలన్నీ గట్టిగా, తడబడకుండా చదివాను. మధ్యలో అత్త మూట వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమైందత్తా?"

"ఏంలేదు, నువ్వు చదువు. ఈరమ్మకు నవ్వు ఆగలేదు."

ఏ వాక్యం దగ్గరో గుర్తు పెట్టుకున్నాను. ఈ పొద్దు ఉదయం నుంచి అదే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. అందులో తప్పేముందో నాకు ఇంకా అంతుపట్టలేదు.