సంతకం సారుది, రాత మనది

మా షాపులో పెన్నుకి దారం కట్టి ఉంచుతాను. నెల తిరిగేసరికి పెన్ను పోతుంది, దారం మిగులుతుంది. చదువుకున్నవాళ్ల వీధి, ముడి విప్పడం అందరికీ వచ్చు.

రెండేళ్ల కిందటి జూన్. శ్రీకాకుళంలో కాలేజీ ఎదురుగా నాది డీటీపీ సెంటరు. అంటే, జనం తెచ్చింది టైపు చేసి ప్రింటు తీసివ్వడం. ఎమ్మెస్సీ చదివి ఈ పనిలో ఉన్నాను, కాబట్టి వ్యాకరణం ఉచితం. అడ్మిషన్ల కాలంలో ఎక్కువగా వచ్చేది రికమండేషన్ లెటరు. ఈ విద్యార్థి యోగ్యుడని గురువు పైచదువులవాళ్లకి రాసే ఉత్తరం అది. మా వీధి ఆనవాయితీ వేరు. గురువు లెటర్‌హెడ్ ఇస్తాడు, శిష్యుడు తనను తానే పొగుడుకుంటాడు, గురువు సంతకం పెడతాడు. నా కంప్యూటర్లో దానికో ఫార్మాట్ ఉంది. పేరు మారిస్తే చాలు, ఎవరైనా మేధావే.

కళింగపట్నం నుంచి నూకరత్నం అనే కెమిస్ట్రీ పిల్ల వచ్చింది. పొరుగు రాష్ట్రంలో పరిశోధన సీటుకి దరఖాస్తు. అది రాకపోతే తల్లితో ఎండుచేపల పనికే.

"సారు నన్నే రాసుకోమన్నారన్నయ్యా. ఏటి రాయాల?"

"అద్భుతం, అసాధారణం. రెండూ రెడీగా ఉన్నాయమ్మా."

"సారు ఎప్పుడూ అలాగనలేదు. సారు మాట అని సెప్పి నేను రాస్తన్నాను కదా, ఆయన ఏటంటారో అదే రాయాల."

బెంచీ మీద కూర్చుని రాసింది. ల్యాబులో చెయ్యి నమ్మకమైనది, తప్పొస్తే దాచకుండా మళ్లీ చేస్తుంది. ఇంగ్లీషు అంతంతమాత్రం. తల్లి జబ్బువల్ల రెండో ఏడు సగం క్లాసులకి రాలేదు.

"ఆఖరి రెండూ తీసెయ్యమ్మా."

"తీసేస్తే సారు సేత అబద్ధానికి సంతకం ఎట్టించినట్టు కాదా?"

ఒకటికి రెండుసార్లు చదివాను. శిష్యురాల్ని ఎరిగిన గురువు రాసినట్టుగా మా షాపులోంచి వెళ్లిన ఉత్తరం అదొక్కటే. గురువుగారు స్కూటరు దిగకుండానే, ఒళ్లో పెట్టుకుని సంతకం చేశారు. చదివే అలవాటు లేదు.

ఆగస్టులో మళ్లీ వచ్చింది, బయోడేటా టైపు చేయించుకోడానికి. ఏ ఉద్యోగానికైనా పనికొచ్చేలా చెయ్యమంది.

"సీటు ఏమైందమ్మా?"

"రాలేదు. 'మీ సారే ఇలాగ రాసినారు కదా' అన్నారు ఇంటర్వ్యూలో. నేనే రాసినానని ఎలాగ సెప్తాను? మా క్లాసు కుర్రోడికొచ్చింది."

ఆ కుర్రాడిది నా ఫార్మాటే. ఈ వృత్తిలో నిజాయితీకి మార్జిన్ తక్కువని అప్పుడే తెలిసింది. ఫార్మాట్ ఇప్పటికీ ఉంది, అడిగినవాళ్లకి ఇస్తూనే ఉన్నాను. ఆవేళ మాత్రం ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఉత్తరం చాలా బాగుందమ్మా అన్నాను.

నూకరత్నం ప్రింటు మడిచి సంచిలో పెట్టుకుంది.

"సంతకం ఎట్టినాయన సదవనేదు. సదివినోలు సీటివ్వనేదు. మీరు రెండుసార్లు సదివినారు. మీ సంతకం ఎవులికి కావాలన్నయ్యా?"