నడుమ ఖాళీ ఉన్న కుప్ప

పిడుగురాళ్ల కట్టెల అడితిలో అమీనా బీ పేర్చిన కుప్ప గాలివానకు కూడా ఒరగదు. సర్కారు తుమ్మ కట్టెలను మొదళ్లు బయటికి, కొసలు లోపలికి పెట్టి గుండ్రంగా పేరుస్తుంది. గాలాడి త్వరగా ఎండేందుకు నడుమ బావిలా ఖాళీ వదులుతుంది.

ఆమె చెల్లెలి కూతురు షబ్నం పెళ్లి విందుకు కట్టెలు కావాల్సి వచ్చాయి. వంటమనిషి అమ్జద్ ఒక కుప్ప చుట్టూ తాడు వేశాడు. తాడును ఆరు మడతలు పెడితే కుప్ప అడ్డుకొలతలో దాదాపు సగం వస్తుంది. దాన్నీ ఎత్తునూ పట్టి అంచనా కట్టాడు.

"బిర్యానీ డేగిశాలన్నిటికీ సరిపోయి ఇంకా మిగిలిద్ది ఖాలా."

అమీనా బీ అతని చెయ్యి పట్టి కుప్ప నడుమ దించింది. భుజం దాకా దిగినా కట్టె తగల్లేదు.

"ఏందిది, గాలి కూడా అమ్ముతున్నావా?"

"నీ తాడుకు బయటే తెలుసురా. పొయ్యి మధ్యలో ఆరితే బియ్యం పలుకుంటది. మాటలు పడేది నా చెల్లెలు."

అమ్జద్ ఖాళీని తీసేసి మళ్లీ లెక్కేశాడు. ఆఖరి డేగిశాకు చాలలేదు. అడితిలో మిగతావన్నీ పచ్చికట్టెలే.

అమీనా బీ తన పెరట్లోకి నడిచింది. వానాకాలానికని దాచుకున్న చిన్న కుప్పను పైవరస నుంచి విప్పసాగింది.

"మరి నీ పొయ్యికో?"

"వానలింకా రాలేదుగా. ఈ కట్టెలందుకో."