సుందరమ్మ తెల్లపొత్తులు

పెనుమూడి వైపు కృష్ణ ఒడ్డున మా పెద్దమ్మ సుందరమ్మకు ఎకరం చేను ఉండేది. కాపరానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ కొంగున కట్టి పంపిన తెల్ల మొక్కజొన్నే అందులో ఏటా వేసేది. మంచి పొత్తులు ఏరి, పొగ తగిలేలా పొయ్యి పైన దూలానికి వేలాడగట్టేది. విత్తనం అడిగినవాళ్ళను ఒట్టి చేతులతో పంపకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా విత్తనం తీసి ఇచ్చిన మనిషి ఆమె.

తొంభై ఎనిమిదిలో పక్క చేను రంగనాయకులు తన పొలాన్ని ఎవరో కంపెనీవాళ్ళకు ప్రయోగానికి ఇచ్చాడు. ల్యాబులో జన్యువులు మార్చిన పసుపు మొక్కజొన్నట, పురుగు ముట్టదట. చుట్టూ ముళ్ళకంచె కట్టి బోర్డు పెట్టారు. గాలికి కూడా కంచె కడతారా వీళ్ళు? ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

“నీ పూత పుప్పొడి నా చేలో పడుద్దిరా,” అంది పెద్దమ్మ.

“పడితే ఏంటి పిన్నీ? పురుగుమందు ఖర్చు తగ్గుద్ది, నీకే లాభం,” అని నవ్వాడతను.

ఆ ఏడు రెండు చేలూ ఒకేసారి పూతకొచ్చాయి. కోతల్లో పెద్దమ్మ ఒక పొత్తు వలిచింది. పాలపళ్ళలాంటి తెల్ల గింజల మధ్య అక్కడక్కడ పసుపు గింజలు. ఇంకోటి వలిచింది, ఇంకోటి. అన్నిట్లోనూ అవే.

ఒక పొత్తులోంచి పసుపు గింజలు గోటితో పీకేసి, మిగిలినవి పట్టుకుని రేపల్లె వెళ్ళింది. వ్యవసాయాఫీసులో కుర్రాడు మర్యాదగానే కూర్చోబెట్టాడు.

“ఈ తెల్లవి మంచివేనా బాబూ?”

“తింటే ఏమీ కాదమ్మా.”

“తినడానికి కాదు. విత్తనానికి ఇవ్వాలి.”

“తెల్లవాటిలోనూ కలిసిందో లేదో చెప్పలేనండి. ఆ పసుపు రకం ఇంకా పరీక్షల్లోనే ఉందండి.”

ఆ మాట ఆమెను తినేసింది. ఏటి గాలి లేస్తే చాలు, వంటింటి కిటికీ మూసేది. ఆ ఏటి పొత్తులు వేలాడుతున్న దూలంకేసి చూడలేక తలవంచుకుని వండేది. “వాటిలో ఎవరో దాక్కున్నట్టుందే,” అనేది, ఆమె దగ్గరే ఉండే నాతో. నాకూ పైకి చూడాలంటే భయం వేసేది. ఓ పొద్దున ఆ పొత్తులన్నీ దించి పొయ్యిలో పెట్టేసింది. ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను.

విత్తే వేళకు ఏసుపాదం వచ్చాడు. అతని చేను దూరాన, ఏటి అవతల లంకలో. ఇంట్లో విత్తనం ఉన్నా సరే, పెద్దమ్మ చేతి గుప్పెడు కలపనిదే వెయ్యడు. ఎప్పటిలాగే తుండు పరిచాడు.

“లేవు ఏసుపాదం.”

ఆ గుమ్మంలో ఆ మాట వినడం నాకదే మొదలు. అతను బిత్తరపోయాడు.

“అదేంటమ్మగారూ! నిరుడు మీరిచ్చిన విత్తనానికి పండినవే మా ఇంట్లో పొత్తులు పొత్తులుగా ఉన్నాయి. రేపే తెచ్చి మీ చేతిలో పోస్తాను.”

“తెల్లగా ఉన్నాయా? అన్నీ?”

“అన్నీనండి.”

పెద్దమ్మ ముఖం వెలిగింది. చెయ్యి ముందుకు చాచబోయి, పక్క చేనువైపు చూసి వెనక్కి తీసుకుంది.

“వద్దు. ఇటు తేకు. ఈ గాలి తగలకుండా అక్కడే ఉండనీ.”

అతను తుండు దులుపుకుని మెట్లు దిగాక మళ్ళీ పిలిచింది.

“కొత్త పొత్తులు వచ్చాక ఒకటి పట్టుకురా నాకు. ఉడకబెట్టి తే. మొలిచే గింజ మాత్రం తేకు నాయనా.”