గోడకు తల ఆనాలి

ఇల్లంతా కొత్త పెయింటు వాసన. పడగ్గది గోడ దగ్గర పెయింటరు ఆగిపోయాడు. "ఈ నూనె మరక ఏంటండి? ఎవరో పనిగట్టుకుని తల ఆనించినట్టుంది." "నేనేనండి, రోజూ పొద్దున్నే" అన్నాను. మర్యాదస్తుడు, ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే రాజమండ్రి డాక్టరు సుభద్రగారి గురించి చెప్పాల్సి వచ్చేది.

మా ఇంట్లో మగవాళ్ళు నడివయసుకే నడుం దగ్గర వంగిపోయేవారు. గుమ్మాలు ఎంత పొట్టివైనా మాకు ఇబ్బంది లేదు. తాతయ్య రావులపాలెంలో అరటిగెలలు మోసి వంగారనీ, నాన్న గుమస్తాగిరీలో బల్ల మీదకి వాలి వాలి వంగారనీ ఇంట్లో చెప్పుకునేవారు. తొంభైల చివర్లో, ఏ గెలా మొయ్యకుండానే, డిగ్రీ చదువుతున్న నాకూ నడుం పట్టేయడం మొదలైంది. పొద్దున్నే మంచం దిగడం ఒక ప్రయాణంలా ఉండేది. "కదలకు నాయనా, పడుకో" అని నాయనమ్మ మంచానికే కాఫీ తెచ్చిచ్చేది. పడుకున్నకొద్దీ ఇంకా బిగుసుకుపోయేవాణ్ణి. కాఫీ బాగుండేది కనక ఫిర్యాదు చేయలేదు.

చివరికి నాన్న నన్ను సుభద్రగారి దగ్గరికి తీసుకెళ్ళారు. మా ఇంటి చరిత్రంతా విని ఆవిడ నావైపు తిరిగారు. "తాతగారు గెలలు మోశారు, నాన్నగారు బల్ల మోశారు. నువ్వేం మోశావు?"

"రెండు సప్లిమెంటరీలండి."

ఆవిడ నవ్వలేదు. మడమలు, వీపు ఆనించి గోడకు నిలబడమన్నారు. నా తల గోడకు తగిలింది. తరవాత నాన్నను నిలబెట్టారు. ఆయన తలకూ గోడకూ మధ్య నా చెయ్యి పట్టేంత సందు. ఆ సందు చూశాకే నాకు నిజంగా భయం వేసింది.

రక్తం మద్రాసు పంపించి పరీక్ష చేయించారు. ఫలితం వచ్చాక ఆవిడ తాపీగా చెప్పారు. "ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే పొరపాటున వెన్ను కీళ్ళ మీద పడుతోంది. దానికి దోహదం చేసే జన్యువు మీ వంశంలో ఉంది. అది ఉన్నవాళ్ళలో చాలామందికి ఏ జబ్బూ రాదు. తలుపుకి గడియ లేదనుకోండి, అంతమాత్రాన దొంగ వచ్చి తీరాలని లేదుగా."

నాన్న నేల చూస్తూ అడిగారు. "అంటే వీడికి నేనిచ్చిందేనాండి?"

"ముక్కు కూడా మీరిచ్చిందేనండి. దాని మీద ఎవరూ కేసు పెట్టలేదుగా."

నాన్న నవ్వారు. నడుం గురించి ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు.

"నేనూ అలా వంగిపోతానాండి?" అన్నాను.

"చెప్పలేను. మందు నేనిస్తాను, కదలడం నీ వంతు. పడక మానెయ్. రోజూ వ్యాయామం చెయ్, ఈతకి వెళ్ళు. పొద్దున్నే గోడకు నిలబడు, తల ఆనాలి." నాయనమ్మ ఆ డాక్టరుకి దయ లేదని తేల్చేసింది. కాఫీ వంటింట్లోకి మారింది.

పెళ్ళయి, నా భార్య కడుపుతో ఉన్నప్పుడు మళ్ళీ సుభద్రగారి దగ్గరికి వెళ్ళాను. బిడ్డకూ వస్తుందా అని అడిగాను.

"జన్యువు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా జబ్బు రాకపోవచ్చు. పొద్దున్నే నడుం పట్టేస్తే పడుకోకూడదని మీ నాన్నకి చెప్పినవాళ్ళు లేరు. ఈ బిడ్డకి చెప్పడానికి నువ్వున్నావు." అంతే, తరవాతి పేషెంటుని పిలిచేశారు.

మా అమ్మాయికి ఇప్పటిదాకా ఏ నొప్పీ లేదు. అయినా సరదాకి నా పక్కన నిలబడుతుంది. పెద్ద మరకకు కాస్త కిందుగా, పక్కన చిన్నది దానిదే.

రెండూ గీకి రంగు వేసేయమన్నాను పెయింటరుని. రేపు పొద్దున్న కొత్తవి మొదలవుతాయి. నాన్న వంగిన వయసు దాటి నాకు చాలాకాలమైంది. తల ఇంకా తగులుతోంది.