మెట్లకు ఎదురుగా టవర్ లేదు

మాఘ పౌర్ణమి శనివారం పడింది. సముద్ర స్నానానికి పోయినేడు మన తెలుగు సంఘం పత్రికలో దారి రాసింది నేనే. రైలు చివరి స్టేషన్‌లో దిగండి, బీచ్ మెట్లకు ఎదురుగా లైఫ్‌గార్డ్ టవర్ ఉంటుంది, దాని ముందు నిశ్చింతగా మునగండి అని. తర్వాత రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లను సిద్ధం చేసే వై టు కె పనిలో పడి అటు వెళ్లనేలేదు. జనవరి వచ్చి, కంప్యూటర్లేవీ ఆగలేదని తేలాక ఈసారి నేనూ బయలుదేరాను.

కెల్లీవిల్‌లో ఆరింటి బస్సు, పారమట్టాలో రైలు, సెంట్రల్ స్టేషన్‌లో ఇంకో రైలు. కట్టుకెళ్లిన పులిహోర సెంట్రల్ బెంచీ మీదే సగం అయిపోయింది. చేరేసరికి తొమ్మిది.

మెట్లు దిగితే టవర్ లేదు. ఇసుకలో దాని సిమెంటు దిమ్మలు మాత్రం మిగిలాయి.

"తుఫానుకి ఇసుక కదిలిపోయింది. టవర్ని అదిగో, అటు మార్చారు. ఇక్కడ ఇప్పుడు నీళ్లు లోపలికి లాగేస్తాయి" అన్నాడు కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన.

కొత్త టవరూ, స్నానానికి హద్దులు చూపే జెండాలూ చాలా దూరంలో ఉన్నాయి. ఇక్కడేమో అలలే లేవు. మనవాళ్లు చూస్తే ఇంతకంటే మంచి చోటు లేదనుకుంటారు. అనుకున్నారు కూడా. అరవై దాటిన ఒక తెలుగు జంట నడుంలోతులో ఉన్నారు. ఆమె కొంగూ ఆయన కండువా కలిపి ముడేసుకుని సరిగంగ స్నానం చేస్తున్నారు.

"అంకుల్, బయటికి వచ్చేయండి, అక్కడ డేంజర్" అని అరిచాను.

"రెండు మునకలయ్యాయి బాబూ, ఇంకొక్కటే" అన్నారాయన.

మూడో మునకకు ఆమె కాళ్లు తేలిపోయాయి. ముడి ఆయన్నీ లాక్కుపోయింది. నాకు ఈత రాదు. చేతులూపుతూ జెండాల వైపు పరిగెత్తాను. లైఫ్‌గార్డ్ అమ్మాయి నీళ్లలో తేలే పెద్ద పలక పట్టుకుని నన్ను దాటి నీళ్లలో దూకింది. చివరికి ఇద్దర్నీ ఒకే పలక మీద తెచ్చింది.

"ముడి విప్పమంటే విప్పరేం?" అని నన్నడిగింది.

పదకొండింటి రైల్లో ముగ్గురం ఎక్కాం. ఆంటీ వణుకుతూనే సంచిలోంచి పత్రిక తీశారు.

"మెట్లకెదురుగా అని ఇందులో రాశారు బాబూ. రాసినాయనకి తెలీదంటావా?"

"రాసింది నేనే ఆంటీ."

ఆవిడ తిట్టలేదు. "ఇంకా వస్తారు కదయ్యా మనవాళ్లు" అన్నారంతే.

వెళ్లేవాళ్లకు నేను చెప్పేదొకటే. ఇసుక కదిలితే టవరూ కదులుతుంది, జెండాలూ మారతాయి. దిగేముందు అక్కడున్నవాళ్లను అడగండి, నా రాత నమ్మకండి.

తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి రైలెక్కాను. వచ్చేవాళ్లను జెండాల వైపు పంపడానికి సాయంత్రం దాకా ఆ దిమ్మల దగ్గరే నిలబడ్డాను. నాలుగు కుటుంబాలు మెట్లు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాయి.