మిట్ట మీద నుంచి కేక రాకముందే

ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అబద్ధమై ఉంటే ఎప్పుడో ఒప్పుకుని దించుకునేదాన్నేమో. నిజం కాబట్టే దాన్ని అడ్డం పెట్టుకుని ఇన్నేళ్లు తలెత్తుకు తిరిగాను.

ఇది రాస్తుంటే అక్షరాలు గీత దాటి పోతున్నాయి. వయసు వల్ల అనుకోకండి. ఉత్సాహం. నిన్న మధ్యాహ్నం నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మీకు చెప్పేదాకా కూర్చోలేను కూడా.

నేను ప్రభుత్వంలో నీటి సరఫరా ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మదనపల్లెలో ఉంటాను. ఇక్కడొక ఇంజనీరింగ్ కాలేజీలో ఈ ఏడాది కొత్త పాఠం పెట్టారు. ఇప్పటి సంస్థల్లో ఇంజనీర్లు నలుగురిని ఎలా నడిపించాలి అన్నది విషయం. రిటైరైనవాళ్లు కూడా వచ్చి వినవచ్చన్నారు. మొదటి రోజే వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నాను. పాఠం చెప్పే సారు కుర్రవాడు. నాలుగు నిమిషాలు ఆలస్యంగా వస్తే గడియారం చూపించాను. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు.

ఆ క్లాసు ఎంత బాగుండేదో! మా రోజుల్లో నాయకత్వమంటే కుర్చీ. కుర్చీలో ఉన్నవాడు చెప్పాలి, నిలబడినవాడు చెయ్యాలి. సారు చెప్పింది వేరు. ఇప్పుడు కొన్ని ఫ్యాక్టరీల్లో మామూలు పనివాడికి తప్పు కనిపించినా మొత్తం లైను ఆపెయ్యవచ్చట. మేనేజరు ఎదురుగా ఉన్నా సరే. "కిందివాడు ఆగమంటే ఆగగలిగినవాడే నాయకుడు" అన్నాడు సారు. ఎన్నేళ్లుగానో తేలని లెక్కకు సూత్రం దొరికిన సంతోషం ఒకవైపు. ఆ సూత్రం ప్రకారం నేనేమిటో తెలిసిపోవడం ఇంకోవైపు. రెండూ ఒకేసారి.

తరువాత సారు ఒక పని ఇచ్చాడు. జట్టుగా చేరి, మీకు తెలిసిన ఒక మంచి నాయకుడి గురించి క్లాసులో చెప్పండి అన్నాడు. మా జట్టులో గ్రేస్ అని చురుకైన పిల్ల ఉంది. మిషన్ ఆసుపత్రి వీధి అమ్మాయి. "యాడికో పోయి ఎతికేదెందుకప్పా, మన అవ్వ ఉండాది కదా!" అంది. మిగతా పిల్లలు బెంచీలు చరిచారు. నేను వద్దనాలి. అనలేదు. పైగా మురిసిపోయాను. అడిగిందంతా చెప్పాను, నా ఫొటో కూడా ఇచ్చాను.

కాని వాళ్లకు సగమే చెప్పాను. మిగతా సగం ఇదిగో.

అప్పుడు నా ఆఫీసు పుంగనూరులో. సదుం వైపు ఒక పల్లెకు కొత్త పైపులైను వేశాం. మా పనిలో ఒక ఆచారం ఉండేది. లైను వేసినవాడు మోటారు స్విచ్చి నొక్కడు. ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి పెద్ద ఆఫీసరు నొక్కాలి. ఆ రోజు పెద్ద ఆఫీసరును నేనే. లైను వేసినవాడు నా జూనియర్ ఇంజనీరు రెడ్డెప్ప. ముహూర్తం పదీ నలభైకి. నా సంగతి మీకు తెలిసిందే కదా, పదీ నలభై అంటే పదీ నలభైయే.

కొత్త పైపులో గాలి నిండి ఉంటుంది. ఎత్తుమీద ఉన్న వాల్వు తెరిచి దాన్ని వదిలేస్తేగాని నీళ్లు తొయ్యకూడదు. రెడ్డెప్ప, గాలి పోగానే కేక వెయ్యమని మిట్ట మీదికి మనిషిని పంపి, పంపు దగ్గర వాల్వు చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మేడం, రోంతసేపు ఆగుదాం. మిట్టమింద నుంచి ఇంకా కేక రాలేదు."

"టైమవుతోంది రెడ్డెప్పా."

"ముహూర్తం మనకు మేడం. పైపుకు యాడిది? లోపల గాలి ఉండాది."

పక్కనున్న సర్పంచి పకపకా నవ్వాడు. "ఏమప్పా, మేడమ్మకే పాఠం సెప్తాండావే! కూలీలు మాట ఇనరు, నువ్వూ ఇనవు, ఇంగ ఈయమ్మ మాట ఇనేదెవురు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "నీళ్లొచ్చినాక మాట్లాడు. తిప్పు చక్రం" అని కాయ కొట్టి పచ్చ బటన్ నొక్కాను.

మిట్ట కింద జాయింటు పిడుగు పడ్డట్టు పగిలింది. అప్పుడే నాటిన టమోటా నారంతా కొట్టుకుపోయింది. ఆ పల్లె ఆడవాళ్లు మరో వేసవి బిందెలతో నడిచారు.

చిత్తూరు నుంచి మా పై అధికారి వచ్చాడు. రెడ్డెప్ప నా పక్కనే ఉన్నాడు. "మోటారు ఎవరు వెయ్యమన్నారు?" అని ఆయన నన్ను అడిగాడు. "వాల్వు దగ్గర ఉన్నది జూనియరే సార్" అన్నాను.

అదే ఆ వాక్యం. అక్షరాలా నిజం. రెడ్డెప్ప నావైపు చూశాడు. ఇంకో వాక్యం వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. అతన్ని కుప్పం పంపారు, ప్రమోషన్ ఆపారు. నాకు వచ్చింది.

ఎందుకు చెప్పలేదు? ఆ ఆఫీసులో ఆడ ఇంజనీరును నేనొక్కదాన్నే. నా తప్పు ఆడవాళ్లందరి తప్పయ్యేది. ఇదీ నిజమే. నేనెప్పుడూ నిజాలనే వాడుకుంటాను. మరి అతను ఎవరి కోసం నోరు మూసుకున్నాడు? ఆఫీసరు ఎదుట ఆఫీసరును కాదనకూడదన్న మర్యాద కోసమా, లేక నామీద నమ్మకంతోనా? రెండోది కాకూడదని ఇన్నేళ్లు కోరుకున్నాను.

నిన్న మా జట్టు వంతు వచ్చింది. తెర మీద ఆ ముహూర్తం నాటి నా ఫొటో వేశారు, చేతిలో కొబ్బరికాయతో. "జాయింటు పగిలినా జంకకుండా మళ్లీ నీళ్లు తెప్పించిన మా అవ్వ" అని గ్రేస్ మొదలుపెట్టింది. చప్పట్లు. లేచి నిలబడ్డాను. "ఆగు" అన్నాను. గ్రేస్ ఆగింది. ఎంత సులభంగా ఆగిందో ఆ పిల్ల!

అంతా చెప్పాను. అతను ఆగమన్నది, సర్పంచి నవ్వింది, నేను నొక్కింది, ఆ వాక్యం. గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. పరుగెత్తుతున్నట్టుంది, ఊపిరి నిండా గాలి ఆడుతున్నట్టుంది. చప్పట్లు మళ్లీ రాలేదు. రావాలనీ అనుకోలేదు. సారు తల దించుకుని కూర్చున్నాడు. గ్రేస్ మాత్రం తెర దగ్గరికి వెళ్లి ఫొటో అంచున వేలు పెట్టింది. అక్కడ వాల్వు చక్రం, దాని మీద ఒక చెయ్యి. మనిషి ఫొటోలో పడలేదు.

"ఈ చెయ్యి ఆయనదేనా?"

"ఆయనదే."

"ఆయనకు చెప్పినారా?"

లేదు. ఆమె నన్ను చూసిన చూపులో అంతకుముందున్న అవ్వ లేదు. అది న్యాయమే.

రెడ్డెప్ప కుప్పంలోనే స్థిరపడ్డాడని విన్నాను. రేపు పొద్దున బస్సుకు వెళ్తున్నాను. ఫోన్ చెయ్యలేదు. చేస్తే మంచి మాటలు వెతుక్కుంటాను. మీకు చెప్పినట్టే వరసగా చెప్తాను, ఆ రెండో వాక్యంతో మొదలుపెట్టి: నొక్కింది నేను, నువ్వు ఆగమన్నావు.

వింటాడో లేదో తెలియదు. ఆయన ఆగమంటే ఈసారి గడప ఇవతలే ఆగుతాను.